నాలుగు చక్రాలూ జారకపోతే... జారేదెవరు?

మీ ఫోన్‌లో కూడా ఆ రీల్స్ వచ్చే ఉంటాయి. ఖాళీ రోడ్డు, నిలబడి ఉన్న కారు. ఇంజిన్ గొంతు పెరుగుతూ పోతుంది. ఎవరో వేళ్లు చూపిస్తూ మూడు, రెండు, ఒకటి అంటారు. అంతే! టైరు కీచుమనదు, పొగ రాదు. ఎవరో వెనక నుంచి తన్నినట్టు కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కింద కామెంట్ల నిండా మంటల ఎమోజీలే. 'ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇట్లుండాలె' అని ఒకరు. 'టైరు కూడా అరగదు బ్రో' అని ఇంకొకరు.

ఆ రెండో కామెంట్ దగ్గర నేను ఆగిపోతాను. టైరు అరగలేదు, నిజమే. మరి అరిగింది ఏంటి?

ఈ ప్రశ్న నాకు పుట్టింటి ఆస్తి లాంటిది. మాది మడికొండ. హైదరాబాద్ నుంచి వరంగల్ వస్తుంటే కాజీపేటకు కాస్త ముందు తగిలే ఊరు. కాళోజీ పెరిగిన ఊరు. మెట్టుగుట్ట మీది రామలింగేశ్వరుడి గుడి, అక్కడ నిటారుగా నిలబడ్డ జంట రాళ్లు దూరం నుంచే కనిపిస్తాయి. రోడ్డు పక్కన మా బాపుకు ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు వస్తాయి. 2020లో మా ఊళ్లోనే ఐటీ ఆఫీసులు తెరుచుకున్నాక నాకూ అక్కడే ఉద్యోగం దొరికింది. పగలంతా ల్యాప్‌టాప్, సాయంత్రం షెడ్డు ముందు చాయ్. కాలిన క్లచ్ వాసన ఎట్లుంటుందో అక్షరాలు దిద్దకముందే నాకు తెలుసు. బండి షెడ్డులోకి తిరగకముందే 'బాపూ, క్లచ్ బండి వస్తుంది' అని చెప్పేదాన్నట.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం బాపు కాదు, మా చిన్నమ్మ కొడుకు.

డాలస్ నుంచి లింకు

తమ్ముడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేశాడు. డాలస్ దగ్గర ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. చదువు కోసం తీసుకున్న లోన్‌కి చిన్నమ్మ వాళ్ల ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఆ ఇల్లు తప్ప వాళ్లకు ఇంకో ఆస్తి లేదు. ప్రతి నెలా వాడి జీతం పడగానే ముందు ఈఎంఐ పోతుంది, తర్వాతే తిండి, అద్దె. ఇలాంటి ఇళ్లు మా వాడలోనే నాలుగైదు ఉంటాయి. మీ వాడలోనూ ఉండొచ్చు.

అక్కడ కారు లేకపోతే కాళ్లు లేనట్టే. వాడుండే చోటు నుంచి ఆఫీసుకు బస్సు లేదు. ఏడాది పాటు ఫ్రెండ్స్ కార్లలో తిరిగి, కాస్త డబ్బు పోగు చేసుకుని, ఒకరోజు రాత్రి నాకు లింకు పంపాడు. సెకండ్ హ్యాండ్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. 2016 మోడల్. నీలం రంగు, మాన్యువల్ గేర్లు, టర్బో ఇంజిన్, 268 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్.

'అక్కా, చిన్నప్పుడు కంప్యూటర్ గేమ్‌లో నడిపిన బండి ఇదే. రేటు మంచిగుంది. మంచు పడ్డా ఆఫీసుకు పోవచ్చు. పెద్దబాపును ఒకసారి అడుగవా?'

వాడి మాటలో తప్పు లేదు. ఆల్ వీల్ డ్రైవ్ నిజంగానే పనికొచ్చే వస్తువు. మంచులో, బురదలో, వానలో రెండు చక్రాలు చేయలేని పని నాలుగు చేస్తాయి. కాకపోతే ఈ రకం బండ్లను కొన్నవాళ్లలో కొందరు మంచు కోసం కొనరు. ఆ రీల్ కోసం కొంటారు. తర్వాత అమ్మేస్తారు. అప్పుడు కొనేది మా తమ్ముడి లాంటి వాళ్లు.

బాపు జీవితంలో డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎక్కలేదు. ఫోన్‌లో బొమ్మ చూసి ఒక్క మాటే అన్నాడు. 'ఎక్కడి బండైతేంది? క్లచ్ క్లచ్చే గదా. ఎవడు తోలిండో గది కనుక్కో.'

రెండు అరచేతులు

క్లచ్ అంటే ఏంటో బాపు నాకు చిన్నప్పుడు చేతులతో చూపించాడు. కుడి అరచేయి ఇంజిన్, ఎడమ అరచేయి గేర్‌బాక్స్. పెట్రోల్, డీజిల్ ఇంజిన్లకు ఒక లోపం ఉంది. అవి సున్నా నుంచి మొదలుపెట్టలేవు. కనీసం ఏడెనిమిది వందల ఆర్‌పీఎం మీద తిరుగుతూ ఉండాలి, లేకపోతే ఆగిపోతాయి. చక్రం మాత్రం సున్నా దగ్గర నిలబడి ఉంది. తిరిగేదాన్ని, నిలబడ్డదాన్ని కలపాలంటే మధ్యలో ఎవరో ఒకరు కాసేపు జారుతూ సర్దుకోవాలి. ఆ సర్దుకునేదే క్లచ్ ప్లేట్. ఒకవైపు ఫ్లైవీల్, ఇంకోవైపు ప్రెజర్ ప్లేట్. వాటి మధ్య నలిగేది ఇది.

ఇప్పుడు మీ రెండు అరచేతుల్ని ఒకదాని మీద ఒకటి నొక్కి గట్టిగా రుద్దండి. వేడెక్కాయి కదా? ప్రతి సిగ్నల్ దగ్గర మీ బండిలో జరిగేది అదే. మామూలుగా నడిపితే ఆ వేడి చిన్నది. వెంటనే చల్లారిపోతుంది. అందుకే జాగ్రత్తగా నడిపే మనిషి చేతిలో కారు క్లచ్ లక్ష కిలోమీటర్లు దాటినా ఉంటుంది.

మరి 'లాంచ్' చేస్తే? ఇక్కడ నేను కాగితం, పెన్ను తీసుకున్నాను. లెక్క పదో తరగతి ఫిజిక్స్‌కు మించదు. భయపడకండి.

ఇంజిన్‌ను ఒకే ఆర్‌పీఎం మీద నిలిపి క్లచ్ వదులుతూ కారును కదిలిస్తే, కారుకు ఎంత ఊపు వచ్చిందో సరిగ్గా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. సగం కారుకు, సగం క్లచ్‌కు. ఇందులో బేరం లేదు.

తమ్ముడు చూసిన లాంటి బండి బరువు సుమారు 1,500 కిలోలు. మెల్లగా 1,500 ఆర్‌పీఎం మీద కదిలిస్తే, గంటకు 12, 13 కిలోమీటర్ల వేగం దగ్గర క్లచ్ పూర్తిగా పట్టుకుంటుంది. అప్పటికి దాంట్లో పుట్టే వేడి 9 వేల జూళ్లు, కాస్త అటూ ఇటూ. అదే బండిని 5,000 ఆర్‌పీఎం మీద నిలిపి వదిలితే క్లచ్ పట్టుకునే సరికి వేగం 40 దాటుతుంది. పుట్టే వేడి లక్ష జూళ్లు. ఆర్‌పీఎం మూడు రెట్లు పెరిగితే వేడి పదకొండు రెట్లు పెరిగింది!

లక్ష జూళ్లంటే ఎంతో చెప్తాను. షెడ్డు పక్క హోటల్లో ఇచ్చే చిన్న చాయ్ గ్లాసులతో మూడు గ్లాసుల నీళ్లను మరిగించడానికి చాలు. అంత వేడి రెండు సెకన్లలో, అరచేయి మందం కూడా లేని ప్లేట్ మీద, గాలి సరిగా ఆడని డబ్బాలో పుడుతుంది. ఒక్క లాంచ్ అంటే పదకొండు సిగ్నళ్లు ఒకే దెబ్బలో దాటినట్టు. రీల్ సరిగ్గా రాలేదని వరసగా ఐదారుసార్లు తీస్తారే, ఆ మధ్యలో ప్లేట్‌కు చల్లారే టైమే ఉండదు.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలో ఉంది. 'నేను క్లచ్ ఒక్కసారిగా వదలను, మెల్లగా వదులుతా, నాకేం కాదు' అంటుంటారు కొందరు. ఆర్‌పీఎం 5,000 మీదే ఉంటే మెల్లగా వదిలినా మొత్తం వేడి అంతే. కాస్త ఎక్కువ సేపట్లో పుడుతుంది, అంతే తేడా. క్లచ్‌ను కాపాడేది ఎడమ కాలి నిదానం ఒక్కటే కాదు, కుడి కాలి నిదానం కూడా.

బురదలో ఒక తీరు, తారు రోడ్డు మీద ఒక తీరు

సరే, ఇది అన్ని కార్లకూ ఉన్నదే కదా, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకే ఎందుకు ఎక్కువ? ఈ ప్రశ్నకు జవాబు మా షెడ్డులోనే దొరుకుతుంది.

ట్రాక్టర్‌నే తీసుకోండి. నాట్లకు ముందు పొలంలో దమ్ము చేస్తుంటే చక్రాలు బురదలో జారుతూనే ఉంటాయి. డ్రైవర్ కాస్త మొరటోడైనా క్లచ్‌కు పెద్దగా దెబ్బ తగలదు. అదే ట్రాక్టర్‌కు మక్కల బస్తాల ట్రాలీ తగిలించి ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరి, తారు రోడ్డు మీద పెద్ద గేర్‌లో రైజ్ చేసి కదిలిస్తే? టైరు తారును కరిచి పట్టుకుంటుంది. వెనక బరువు కదలనంటుంది. ఇంజిన్ తిరుగుతానంటుంది. ముగ్గురూ పంతం పట్టారు. ఇక లొంగేది ఎవరు? క్లచ్ ప్లేట్ ఒక్కటే.

యాసంగి కోతల తర్వాత మా షెడ్డు ముందు నిలబడే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. బాపు డ్రైవర్లను తిట్టే తిట్టు కూడా ఒకటే. 'చిన్న గేర్ల లేపరా అంటే ఇనవు. నీ తొందర ప్లేట్‌కు తగుల్తది.'

కాజీపేట రైలు స్టేషన్‌కు పోతే దీనికి పూర్తిగా ఎదురు లెక్క కనిపిస్తుంది. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రం. పట్టు చాలా తక్కువ. బరువు లాగుతూ కదిలేటప్పుడు లోకో చక్రమే జారిపోతుంది. అందుకే ఇంజిన్‌కు ఇసుక పెట్టెలుంటాయి. పట్టా మీద ఇసుక చల్లి పట్టు తెచ్చుకుంటారు. డీజిల్ లోకోలో కూడా లారీకి ఉన్నట్టు క్లచ్ ఉండదు. డీజిల్ ఇంజిన్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలు తిప్పుతాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. ముందు చక్రాలకే పవర్ ఉన్న కారును గట్టిగా లాంచ్ చేస్తే బరువు వెనక్కి ఒరుగుతుంది. ముందు టైర్లు తేలికై గిర్రున తిరుగుతాయి. కీచుమని అరుస్తాయి, పొగ వస్తుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ, ఆ జారుడులో క్లచ్ బతికిపోతుంది. వేడిలో చాలా భాగం టైరు పంచుకుంది. నాలుగు చక్రాలకూ పవర్ ఉంటే కారు మొత్తం బరువు పట్టుకు పనికొస్తుంది. ఎండిన రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఒక్క చక్రం కూడా జారదు. టైరు వద్దన్న ఆ జారుడంతా వెనక్కి వచ్చి క్లచ్ మీద పడుతుంది.

అంటే రీల్‌లో కారు ఎంత శుభ్రంగా, పొగ లేకుండా దూకితే లోపల అంత మంట అన్నమాట.

ఈ బండ్లు పుట్టింది వేరే రోడ్ల కోసం

వీటి పుట్టుక తెలిస్తే తప్పు బండిది కాదని అర్థమవుతుంది. 1980లో ఆడి కంపెనీ క్వాట్రో తెచ్చింది. అప్పటి నుంచి ర్యాలీ రేసుల్లో నాలుగు చక్రాల రాజ్యం మొదలైంది. 1992లో జపాన్ నుంచి రెండు బండ్లు వచ్చాయి. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ ఒకటి, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఇంకోటి. 1995లో కోలిన్ మెక్‌రే సుబారులో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్లు టామీ మాకినెన్ మిత్సుబిషిలో గెలిచాడు.

వాళ్లు గెలిచిన దారులు గుర్తు చేసుకోండి. గులకరాళ్లు, మట్టి, మంచు. అంటే మన దమ్ము పొలం లాంటి చోటు. చక్రం జారే చోట నాలుగు చక్రాలు వరం. పైగా వాళ్ల వెనక మెకానిక్‌ల దండు ఉంటుంది. పార్టు పోతే మారుస్తారు. అదే బండి తోబుట్టువును ఎండిన తారు మీద, మెత్తటి రబ్బరు టైర్లతో, ఈఎంఐ కట్టే కుర్రాడు అదే పనిగా దూకిస్తే సంగతి వేరు.

'అయితే గట్టి క్లచ్ వేయిస్తే సరి' అనుకోవచ్చు. చాలామంది వేయిస్తారు కూడా. కానీ క్లచ్ ఒక రకంగా మన ఇంటి ఫ్యూజు లాంటిది. ఫ్యూజు కాలుతుందని దాని స్థానంలో లావు తీగ చుడితే, తర్వాత కాలేది వైరింగ్. క్లచ్ జారకపోతే ఆ దెబ్బ గేర్ పళ్లకు, యాక్సిల్‌కు పోతుంది.

నిస్సాన్ జీటీ-ఆర్ కథ ఇదే. మన దేశంలో 2016 డిసెంబర్‌లో దాదాపు రెండు కోట్ల రూపాయలకు అమ్మకానికి వచ్చిన కారు అది. విదేశాల్లో మొదటి బ్యాచ్ కార్లలో లాంచ్ కంట్రోల్ వాడినవాళ్లకు కొందరికి గేర్‌బాక్స్‌లే దెబ్బతిన్నాయి, వారంటీ గొడవలు నడిచాయి. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి, లాంచ్ చేసే ఆర్‌పీఎంను బాగా తగ్గించింది. అంత పెద్ద కంపెనీ ఇంజినీర్లు చివరికి చేసింది మా బాపు ట్రాక్టర్ డ్రైవర్లకు చెప్పేదే. రైజ్ తగ్గించు!

వీడియో కాల్‌లో టెస్ట్ డ్రైవ్

తమ్ముడు ఒక శనివారం పొద్దున ఆ బండి చూడ్డానికి పోయాడు. మాకు రాత్రి. అమ్మేవాడి అనుమతి తీసుకుని వీడియో కాల్‌లో మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఫోన్ పట్టుకోవడానికి పక్కన ఫ్రెండు. ఇటు షెడ్డులో నేను, బాపు, చాయ్.

బాపు చెప్పిన పరీక్ష చాలా సింపుల్. ట్రాఫిక్ లేని రోడ్డు మీద నాలుగో గేర్‌లో, గంటకు 50 కిలోమీటర్ల దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. మీటర్లో రెండు ముళ్లూ చూడాలి. క్లచ్ మంచిగా ఉంటే ఆర్‌పీఎం, స్పీడు అన్నదమ్ముల్లా కలిసి పెరుగుతాయి. క్లచ్ పోయిందంటే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి ఎగిరిపోతుంది, స్పీడు మాత్రం నిదానంగా వస్తుంది.

ముల్లు ఎగిరింది. స్క్రీన్ మీద నాకు సరిగా కనపడలేదు కానీ బాపుకు చూడాల్సిన పని లేకపోయింది. 'ఇన్నవా? ఇంజిన్ ఉరికింది, బండి ఉరకలే' అన్నాడు.

అమ్మేవాడు మాత్రం తను ఎప్పుడూ లాంచ్ చేయలేదని గట్టిగా చెప్పాడు. అంతకు ముందు ఓనర్ సంగతి తనకు తెలియదన్నాడు. అది నిజమే కావచ్చు.

ఆ రాత్రి మా ఇద్దరికీ పెద్ద చర్చే నడిచింది. బండి వద్దన్నాను నేను. 'అక్కా, అన్నీ లెక్కలేనా? ఎమ్మెస్‌కు పోయింది లెక్క, లోన్ లెక్క, జాబ్ లెక్క. ఒక్కటన్నా నాకిష్టమైంది కొనుక్కోవద్దా?' అన్నాడు వాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఇరవై ఆరేళ్లు వాడికి. ఇష్టం లేని బండి కొనుక్కోమని చెప్పడానికి నేనెవరిని?

మధ్యే మార్గం బాపు చెప్పాడు. 'కొనుక్కోనియ్. కానీ క్లచ్ పోయిన బండిగనే కొనాలె, మంచి బండిగ గాదు.' అంటే క్లచ్ మార్పించే ఖర్చంతా ధరలో తగ్గించాలి. అక్కడి షాపులో అంచనా అడిగితే వాడి రెండు నెలల ఈఎంఐ అంత తేలింది. ప్లేట్ ధర కంటే కూలీ ఖర్చే ఎక్కువ. ఈ రకం బండ్లలో గేర్‌బాక్స్ దించాలంటే ముందు యాక్సిల్స్, వెనక్కి పోయే షాఫ్ట్ అన్నీ విప్పాలి. అంచనా కాగితం చూపించాక అమ్మేవాడు దాదాపు అంతా తగ్గించాడు. బహుశా తనకూ తెలుసు.

అరిగిందా? కాలిందా?

క్లచ్ మార్చిన రోజు తమ్ముడు పాత పార్టుల ఫొటోలు పంపాడు. బాపు కళ్లజోడు పెట్టుకుని వాటిని పెద్దగా చేసి చాలాసేపు చూశాడు. ప్లేట్ మీద లైనింగ్ ఇంకా మందంగానే ఉంది. కానీ నల్లగా, అద్దంలా మెరుస్తోంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు.

'ఇది అరిగింది గాదు బిడ్డా. కాలింది' అన్నాడు.

షెడ్డు మూలన పడున్న ఒక ట్రాక్టర్ ప్లేట్ తెచ్చి పక్కన పెట్టాడు. దాని లైనింగ్ రివెట్ల దాకా అన్ని వైపులా సమానంగా అరిగిపోయింది. ఏళ్ల తరబడి ధర్మసాగర్ వైపు పొలాల్లో పనిచేసిన ప్లేట్ అది. 'ఇది పని చేసి చేసి పోయింది. అది పని చెయ్యకముందే పోయింది.'

ఈ తేడా మీరు కూడా తెలుసుకోవడం మంచిది. లైనింగ్‌ను పట్టి ఉంచే జిగురు ఒక హద్దు దాటి వేడెక్కితే ఉపరితలం గాజులా గట్టిపడి నునుపైపోతుంది. నునుపైతే పట్టు తగ్గుతుంది, ఇంకా జారుతుంది. జారితే ఇంకా వేడి. ప్రెజర్ ప్లేట్ స్ప్రింగు కూడా వేడికి బలం కోల్పోవచ్చు. అందుకే కాలిన క్లచ్ మెల్లగా పోదు, మొదలైందంటే తొందరగా చేతులెత్తేస్తుంది. వారంటీ ఉన్న బండ్లలో కూడా మామూలుగా క్లచ్ అరుగుదలను కంపెనీ భరించదు. అది మన కాలి పని కాబట్టి.

మీది డబ్ల్యూఆర్‌ఎక్స్ కాకపోవచ్చు. లెక్క మాత్రం మీ బండికీ అదే. కాజీపేట దాటాక ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు బ్రేక్ వాడకుండా హాఫ్ క్లచ్ మీద కారును ఎత్తుకు నిలబెడుతుంటారు చూడండి, అది మెల్లగా చేసే లాంచే. హ్యాండ్ బ్రేక్ వేయండి. క్లచ్ మీద కాలు ఆనించి పెట్టుకోకండి. బైకుల్లో చాలావాటికి క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి వేడిని కాస్త తట్టుకుంటుంది. అలాగని ప్రతి సిగ్నల్ దగ్గరా ముందు చక్రం లేపితే ఆ ప్లేట్లూ కాలుతాయి. ఎప్పుడైనా ఆ వాసన వచ్చిందా, బండి పక్కన ఆపి చల్లారనివ్వండి. ఇక రోడ్డు మీద రేసు పెట్టడం మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద నేరం. ఆ ఖర్చు క్లచ్ ఖర్చులో కలవదు, వేరే కట్టాలి.

క్లచ్ లేని రోజులు

ఇవన్నీ చదివి 'కరెంటు బండి కొంటే గొడవే లేదు కదా' అని మీరు అనుకుంటుంటే, నిజమే. మోటారు సున్నా నుంచే పూర్తి బలం ఇస్తుంది. జారుతూ సర్దుకునేవాడు మధ్యలో అక్కర్లేదు. కాజీపేట షెడ్డు లోకోలకు ఎన్నడో తెలిసిన సంగతి ఇప్పుడు కార్లకు తెలిసింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఆ కార్లు ఎట్లా దూకాయో చూసే ఉంటారు. 2025లో టాటా హ్యారియర్ ఈవీ రెండు మోటార్లతో, నాలుగు చక్రాల పవర్‌తో వచ్చింది. వంద కిలోమీటర్ల వేగం 6.3 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెప్తోంది. కాలడానికి దాంట్లో క్లచ్ ప్లేటే లేదు.

ఈ మాట బాపుకు చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉండేది. షెడ్డు మీద వచ్చే సంపాదనలో క్లచ్ పనిది పెద్ద భాగం. ఆ డబ్బుతోనే నేను ఇంజినీరింగ్ చదివాను. ఆయన మాత్రం తేలిగ్గానే తీసుకున్నాడు. ఇప్పటికే కరెంటు ఆటోలు షెడ్డుకు వస్తున్నాయి. బ్రేకులు, బేరింగులు, సస్పెన్షన్ పనులు చేస్తున్నాడు. 'క్లచ్ లేకపోతే ఇంకోటి అరుగుతది. అరగని బండి ఉంటదా?' అన్నాడు. మోటార్ల గురించి యూట్యూబ్‌లో ఏవో వీడియోలు చూస్తున్నాడు, అర్థం కాని చోట నన్ను పిలుస్తున్నాడు.

తమ్ముడు ఆ నీలం బండిలోనే ఆఫీసుకు పోతున్నాడు. మొన్నటి చలికాలంలో ఐస్ పడి రోడ్లు గడ్డకట్టిన రోజు పక్కింటివాళ్ల కారు కదలకపోతే వాళ్లను కూడా ఎక్కించుకుని దింపాడట. అక్కడి కుర్రాళ్లు శనివారం రాత్రుళ్లు మీట్లు పెట్టుకుంటారు. వీడు పోతాడు, కార్లు చూస్తాడు, ఫొటోలు పంపుతాడు. లాంచ్ చేస్తావా అని నేను అడగలేదు, వాడే చెప్పాడు. 'లోన్ వచ్చే జూన్‌కు అయిపోతది అక్కా. ఇంటి కాగితాలు అమ్మ చేతికి వచ్చేదాకా ఈ ప్లేట్‌తోనే నడపాలె.'

బాపుకు చెప్పాను. 'చిన్న గేర్ల లేపమను, ఉంటది' అన్నాడు.